హీట్ పంపు (గృహ వినియోగం)

హీట్ పంపు లేదా ఉష్ణ పంపు అనగా చల్లగా ఉన్న చోటి నుండి వేడిని గ్రహించి, వెచ్చగా ఉన్న చోటికి చేరవేసే యంత్రం. నీరు పల్లానికి పారినట్లే వేడి సహజంగా వెచ్చని చోటి నుండి చల్లని చోటికి ప్రవహిస్తుంది. ఆ దిశను తిప్పడానికి బయటి నుండి శక్తి కావాలి. ఇళ్ళలో ఈ శక్తి విద్యుత్తు నుండి లభిస్తుంది. రిఫ్రిజిరేటరు, గదిని చల్లబరచే ఎయిర్ కండీషనరు (ఏసీ), హీట్ పంపు వాటర్ హీటరు ఈ కోవకు చెందినవే. చలి దేశాలలో మాత్రం ఇంటిని వెచ్చబరచే యంత్రానికే ఈ పేరు రూఢి అయినది.

గుంటూరు జిల్లాలోని చేబ్రోలు, తెనాలి, బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె వంటి కోస్తా ఊళ్ళలో ఈ యంత్రం ముఖ్యంగా స్ప్లిట్ ఏసీ రూపంలో వాడుకలో ఉన్నది. ఉక్కపోత, ఉప్పుగాలి, వోల్టేజి హెచ్చుతగ్గులు ఈ ప్రాంతంలో దాని అమరికను, మన్నికను ప్రభావితం చేస్తాయి.

చరిత్ర

1824లో ఫ్రెంచి శాస్త్రవేత్త సాడీ కార్నో ఉష్ణ యంత్రాల సిద్ధాంతాన్ని ప్రచురించాడు. 1834లో జాకబ్ పెర్కిన్స్ ఆవిరిని సంపీడనం చేసి చల్లదనం పుట్టించే విధానానికి పేటెంటు పొందాడు. ఇదే పద్ధతితో భవనాలను వెచ్చబరచవచ్చునని 1852లో విలియం థామ్సన్ (తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్) సూచించాడు. 1850వ దశకంలోనే ఆస్ట్రియా దేశస్థుడు పీటర్ ఫాన్ రిట్టింగర్ ఉప్పు తయారీ కొరకు ఉష్ణ పంపును నిర్మించాడు. 1938లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగర సభా భవనానికి లిమ్మట్ నది నీటి నుండి వేడిని తోడే పంపును అమర్చారు.

పనిచేసే విధానం

ఈ యంత్రంలో ప్రధాన భాగాలు నాలుగు: కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు (లేదా కేపిల్లరీ గొట్టం), ఇవాపరేటర్. వీటి మధ్య మూసి ఉన్న రాగి గొట్టాలలో శీతలకం తిరుగుతుంది. వాడుకలో దీనినే "గ్యాస్" అంటారు. శీతలకం ఇవాపరేటర్‌లో ఆవిరి అవుతూ చుట్టూ ఉన్న గాలి నుండి వేడిని లాగుకొంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి, దాని ఒత్తిడిని, ఉష్ణోగ్రతను పెంచుతుంది. ఆ వేడిని కండెన్సర్‌లో వదలి శీతలకం తిరిగి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటగానే ఒత్తిడి తగ్గి చల్లబడి, మరల ఇవాపరేటర్‌కు చేరుతుంది.

ఏసీలో ఇవాపరేటర్ గది లోపల, కండెన్సర్ బయట ఉంటాయి. "హాట్ అండ్ కోల్డ్" రకం ఏసీలలో నాలుగు ద్వారాల వాల్వు ఒకటి అదనంగా ఉండి, శీతలకం దిశను మార్చి చలికాలంలో గదిని వెచ్చబరుస్తుంది. వాటర్ హీటరులో బయటి గాలి నుండి తీసిన వేడి నీటి ట్యాంకుకు చేరుతుంది.

హీట్ పంపు వేడిని తయారుచేయదు, ఉన్న వేడిని మోస్తుంది. అందువలన వాడిన విద్యుత్తు కంటే ఎక్కువ వేడిని అందించగలదు. ఉదాహరణకు 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడిచేయడానికి సుమారు 2.9 యూనిట్ల శక్తి అవసరం. మామూలు గీజరు దాదాపు అంత విద్యుత్తునూ వాడుకొంటుంది. వాడిన విద్యుత్తుకు మూడు రెట్ల వేడినిచ్చే హీట్ పంపుకు ఒక యూనిట్ సరిపోతుంది. వేడిని తీసుకొనే చోటికీ, వదిలే చోటికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం పెరిగే కొద్దీ ఈ లాభం తగ్గుతుంది.

కోస్తా వాతావరణంలో అవసరం

2015 మే నెల వడగాడ్పులకు భారతదేశంలో రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు. కోస్తాలో ఎండకు గాలిలోని తేమ తోడవుతుంది. తేమ ఎక్కువైనపుడు చెమట ఆరదు, శరీరం చల్లబడదు. ఇదే కారణాన నీటిని ఆవిరి చేసి చల్లబరచే ఎయిర్ కూలర్లు పొడి ప్రాంతాలలో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయవు. ఏసీ చల్లని కాయిల్‌పై తేమను నీరుగా మార్చి బయటికి పంపుతుంది కనుక వృద్ధులు, పసిపిల్లలు, రోగులు ఉన్న ఇళ్ళలో దానికి ప్రాధాన్యం ఏర్పడినది.

డెల్టా ఊళ్ళలో గదిని వెచ్చబరచే అవసరం లేదు. అందుచేత ఇక్కడ హాట్ అండ్ కోల్డ్ రకానికి అదనపు ధర చెల్లించడం వలన ప్రయోజనం స్వల్పం. లంబసింగి, అరకు వంటి మన్యం ప్రాంతాలలో అది ఉపయోగపడుతుంది. డెల్టాలో గాలి ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది కనుక హీట్ పంపు వాటర్ హీటరు మాత్రం ఇక్కడ మంచి సామర్థ్యంతో నడుస్తుంది.

అమరిక

పరిమాణం: ఒక టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూల, అనగా సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తొలగిస్తుంది. స్థూలంగా 100 నుండి 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను, 150 నుండి 180 చదరపు అడుగుల గదికి 1.5 టన్నులు సరిపోతాయి. పై కప్పు నేరుగా ఎండకు కాగే మేడ గదికి ఇంకా ఎక్కువ కావాలి. కప్పుకు తెల్లని పూత వేయడం, పడమటి కిటికీకి నీడ కల్పించడం వలన ఈ భారం తగ్గుతుంది. అవసరానికి మించిన సామర్థ్యం గల మామూలు ఏసీ గదిని త్వరగా చల్లబరచి ఆగిపోతుంది, తేమను మాత్రం పూర్తిగా తీయదు.

అవుట్‌డోర్ యూనిట్: దీనిని నీడలో, గాలి ధారాళంగా ఆడే చోట, గట్టి స్టాండుపై బిగించాలి. ఇరుకు సందులోనో, పెట్టె వంటి గూటిలోనో ఉంచితే అది వదిలిన వేడి గాలినే తిరిగి పీల్చుకొంటుంది. సూర్యలంక వంటి సముద్ర తీరానికి దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలి అల్యూమినియం రేకులను, స్టాండును తినివేస్తుంది. అటువంటి చోట్ల తుప్పును నిరోధించే పూత గల కాయిల్‌ను ఎంచుకొని, అప్పుడప్పుడు మంచినీటితో కడగడం మేలు.

గొట్టాలు: రెండు రాగి గొట్టాలకూ విడివిడిగా ఉష్ణనిరోధక తొడుగు ఉండాలి. డ్రెయిన్ పైపు ఎక్కడా పైకి లేవకుండా వాలుగా సాగాలి. గొట్టాలు బిగించిన పిదప పొడి నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి, వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను పూర్తిగా తీసివేసిన తరువాతనే శీతలకాన్ని వదలాలి. యంత్రంలోని గ్యాస్‌ను కొంత వదలి దానితోనే గాలిని వెళ్ళగొట్టే పద్ధతి సరియైనది కాదు. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ ఆయుష్షును తగ్గిస్తుంది. ఒత్తిడి పరీక్షకు ఆక్సిజన్‌ను ఎన్నడూ వాడరాదు. అది కంప్రెసర్ నూనెతో కలిసి పేలుడుకు దారితీస్తుంది.

విద్యుత్తు: ఏసీకి మీటరు బోర్డు నుండి ప్రత్యేకమైన లైను, తగిన ఎంసీబీ, పనిచేసే ఎర్తింగు ఉండాలి. 1.5 టన్నుల ఏసీకి సాధారణంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ వాడతారు. సాయంత్రం వేళ వోల్టేజి పడిపోయే ఊళ్ళలో, యంత్రం పలకపై ముద్రించిన వోల్టేజి పరిమితిని చూసి స్టెబిలైజరు అవసరమో కాదో నిర్ణయించుకోవాలి.

వాటర్ హీటరు: దీనిని గాలి ఆడే వరండాలో గానీ, డాబాపై నీడలో గానీ ఉంచాలి. మూసిన స్నానాల గదిలో ఉంచితే తీసుకోవడానికి వేడి మిగలదు. సేఫ్టీ వాల్వు నుండి నీరు కారుతున్నదని దానిని మూసివేయరాదు. ఉప్పునీటి, చవుటి నీటి బోర్లు గల ఊళ్ళలో ట్యాంకులోని మెగ్నీషియం కడ్డీ త్వరగా అరుగుతుంది. దానిని పరీక్షించి సకాలంలో మార్చాలి.

వాడకం

భారత ప్రభుత్వ ఇంధన సామర్థ్య బ్యూరో నిర్ణయం ప్రకారం 2020 జనవరి 1 నుండి స్టార్ లేబుల్ గల గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగుతో వస్తున్నాయి. ఫ్యాను తోడుంటే 26 డిగ్రీల వద్ద కూడా హాయిగా ఉంటుంది. 16 డిగ్రీలకు తగ్గిస్తే మామూలు ఏసీలో గది మరింత త్వరగా చల్లబడదు, యంత్రం మరింత సేపు నడుస్తుంది అంతే. ఇళ్ళ విద్యుత్ ఛార్జీలు శ్లాబుల వారీగా పెరుగుతాయి కనుక అదనపు వాడకం భారం పై శ్లాబు ధరలో పడుతుంది. వాన రోజులలో "డ్రై" మోడ్ తేమను తీయడానికి ఉపకరిస్తుంది.

ఆపిన వెంటనే మరల వేస్తే కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది. ఇది రక్షణ ఏర్పాటే గాని లోపం కాదు. ఎండాకాలంలో రెండు వారాలకొకసారి ఫిల్టరు కడిగి, నీడలో ఆరబెట్టి తిరిగి అమర్చాలి. వాటర్ హీటరు గీజరు వలె నిమిషాలలో నీటిని కాచదు. దానిని గాలి వేడిగా ఉండే మధ్యాహ్న వేళ నడిపి నీటిని నిలువ ఉంచుకొంటే విద్యుత్తు ఆదా అవుతుంది.

సాధారణ లోపాలు, నివారణ

లోపాలలో చాలా భాగం గాలి, నీరు, విద్యుత్తులకు సంబంధించినవి. గ్యాస్‌ను అనుమానించే ముందు వీటిని పరిశీలించాలి.

చల్లదనం తగ్గుట: ముందుగా ఫిల్టరును, తరువాత అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ను చూడాలి. వరి నూర్పిళ్ళ కాలంలో పొట్టు, ధూళి రేకుల మధ్య పేరుకొంటాయి. విద్యుత్తు ఆపి, తక్కువ ఒత్తిడి గల నీటితో కడగాలి.

ఇండోర్ యూనిట్ నుండి నీరు కారుట: డ్రెయిన్ పైపులో నాచు, మట్టి అడ్డుపడడం ప్రధాన కారణం. యూనిట్ ఒక ప్రక్కకు వంగి ఉన్నా ఇలాగే జరుగుతుంది.

కాయిల్‌పై మంచు పట్టుట: గాలి సరిగా ఆడకపోయినా, గ్యాస్ తగ్గినా ఈ లక్షణమే కనిపిస్తుంది. ఏసీని ఆపి, మంచు కరిగిన పిదప ఫిల్టరు కడిగి చూడాలి. మంచు మరల పట్టినచో మెకానిక్ పరీక్ష అవసరం.

అవుట్‌డోర్ యూనిట్ తిరగకుండుట: వోల్టేజి తక్కువగా ఉండడం, కెపాసిటర్ చెడిపోవడం, బల్లులు, చీమలు సర్క్యూట్ బోర్డులో చేరడం, ఎలుకలు తీగలు కొరకడం దీనికి కారణాలు. కెపాసిటర్‌లో విద్యుత్తు ఆపిన తరువాత కూడా చార్జి నిలిచి ఉంటుంది కనుక దానిని శిక్షణ లేనివారు తాకరాదు.

ఎంసీబీ పడిపోవుట: ఒకసారి వేసి చూసి, మరల పడితే వదలివేయాలి. పదే పదే వేయడం గానీ, ఎక్కువ ఆంపియర్ల ఎంసీబీని బిగించడం గానీ తీగలు కాలి అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.

అవుట్‌డోర్ యూనిట్ నుండి ఆవిరి వచ్చుట: మన్యంలో చలికాలపు రాత్రులలో హాట్ అండ్ కోల్డ్ ఏసీ బయటి కాయిల్‌పై మంచు పడుతుంది. యంత్రం దానిని కరిగించుకొనే సమయంలో ఆవిరి లేస్తుంది, గదిలోకి వెచ్చని గాలి కొద్ది నిమిషాలు ఆగుతుంది. ఇది లోపం కాదు.

గ్యాస్ నింపుట

ఏటా ఎండాకాలానికి ముందు ఏసీకి గ్యాస్ నింపించాలన్నది విరివిగా ఉన్న అపోహ. వాహనంలో పెట్రోలు వలె శీతలకం ఖర్చు కాదు. మూసిన గొట్టాలలో అది యంత్రం ఉన్నంత కాలం ఉండగలదు. అది తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారుతున్న చోటును మూయకుండా గ్యాస్ నింపితే ఆ ఖర్చు మరుసటి ఏడాదికి మరల వస్తుంది. తక్కువ గ్యాస్‌తో నడిచిన కంప్రెసర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం కూడా ఉన్నది. గొట్టాలు కలిసే నట్ల వద్ద నూనె మరక, కాయిల్ కొంత భాగమే చల్లబడడం కారుటకు సూచనలు. సరియైన మరమ్మతులో వరుసగా నాలుగు పనులు ఉంటాయి: కారే చోటును కనుగొని మూయడం, నైట్రోజన్ పరీక్ష, వాక్యూమ్, పలకపై ముద్రించిన గ్రాముల మేరకు తూకం వేసి నింపడం. ఈ నాలుగింటినీ చేయవలసినదిగా వినియోగదారుడు ముందే అడగవచ్చు.

భద్రత, పర్యావరణం

పాత ఏసీలలోని ఆర్-22 ఓజోను పొరకు హానికరం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్రింద దాని వాడకాన్ని దశలవారీగా తొలగిస్తున్నారు. తరువాత వచ్చిన ఆర్-410ఏ ఓజోనుకు హాని చేయదు కాని, భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 2,088 రెట్లు శక్తివంతం. ఆర్-32 విషయంలో ఇది 675 రెట్లు. ఇటువంటి వాయువుల తగ్గింపునకు ఉద్దేశించిన 2016 కిగాలి సవరణను భారతదేశం 2021లో ధ్రువీకరించింది. ఆర్-32 కొద్దిగా, ఆర్-290 (ప్రొపేన్) ఎక్కువగా మండే స్వభావం గలవి. కావున మరమ్మతు సమయంలో తలుపులు తెరచి ఉంచాలి, దగ్గరలో నిప్పు ఉండరాదు. ఒక రకం శీతలకానికి రూపొందించిన యంత్రంలో మరొక రకాన్ని నింపరాదు.

బాపట్ల తీరం తుపానుల దారిలో ఉన్నది. 2010 మేలో లైలా, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులు బాపట్ల సమీపంలోనే తీరం దాటాయి. తుపాను హెచ్చరిక వచ్చినపుడు ఏసీ ఎంసీబీని ఆపివేసి, స్టాండు బోల్టులను సరిచూసుకోవాలి. నీట మునిగిన యూనిట్‌ను ఎలక్ట్రీషియన్ పరీక్షించే వరకు వేయరాదు.

ఇవి కూడా చూడండి

ఎయిర్ కండీషనర్
రిఫ్రిజిరేటర్
ఉష్ణగతిక శాస్త్రం
వడదెబ్బ