పదునాలుగు దినముల హద్దు

గ్రామములో గట్టు తగవు తీర్చుటకు గూర్చుండిన పెద్దకు న్యాయ మెటు లున్నదో గ్రహించుట యొక యెత్తు. ఉభయపక్షములకును కనబడు చోట హద్దురాయి నాటించుట మఱియొక యెత్తు. ఈ రెండవదాని కష్టము ఇంగ్లండు దేశ చరిత్రలోని యొక ఘట్టమును చదివినప్పుడు నాకు బాగుగ తెలియవచ్చెను.

1978వ సంవత్సరము జూలై 25వ తేదీన ఆ దేశమందలి ఓల్డ్‌హామ్ పట్టణమున లూయీజ్ బ్రౌన్ అను శిశువు జన్మించెను. తల్లిగర్భమునకు వెలుపల, గాజుపాత్రలో అంకురించిన పిండమునుండి పుట్టిన మొదటి బిడ్డ యామెయే. సంతానములేని దంపతుల కిది వరమయ్యెను. కాని గర్భమున నిడక మిగిలిన పిండముల నేమి చేయవలెను? వానిపై పరిశోధనలు చేయవచ్చునా? అది మనుష్యప్రాణియే యని కొందఱును, ఇంకను కణముల ముద్దయే యని కొందఱును వాదించిరి.

1982లో ప్రభుత్వము విచారణసంఘమును నియమించి, మేరీ వార్నాక్ అను విదుషీమణిని అధ్యక్షురాలిగ నుంచెను. ఆమె వైద్యురాలు కాదు. తత్త్వశాస్త్రము బోధించిన యుపాధ్యాయిని. పిండము దినదినము నెట్లు పెరుగునో సంఘసభ్యురాలైన జీవశాస్త్రవేత్త ఆన్ మెక్లారెన్ తక్కినవారికి విశదపఱచెను. ఇంచుమించు 15వ దినమున పిండముపై నొక గీత పొడసూపును. శరీరనిర్మాణమున కదియే యారంభము. అంతకు పూర్వ మొకే పిండము కవలలుగ చీలవచ్చును. నాడీమండలపు జాడయు నప్పటికి లేదు. కావున 14 దినములు దాటిన పిండమును పరిశోధనకై పెంచుట నేరముగ నెంచవలెనని 1984లో ఆ సంఘము నివేదించెను.

సభ్యులలో కొందఱు సమ్మతింపలేదు. వారి భిన్నాభిప్రాయములును ఆ నివేదికలోనే యచ్చుపడినవి. 1985లో ఇట్టి పరిశోధనను నిషేధింపవలెనని ఈనాక్ పవెల్ పార్లమెంటులో తెచ్చిన బిల్లునకు రెండవ పఠనమున అనుకూలముగ 238, ప్రతికూలముగ 66 వోట్లు పడెను. కాలము చాలకపోవుటచే నది చట్టము కాలేదు. మఱి యయిదేండ్ల వాదప్రతివాదముల పిమ్మట, 1990లో 14 దినముల హద్దే చట్టమయ్యెను.

ప్రాణమెప్పుడు పుట్టునను ప్రశ్నకు వార్నాక్ తుది యుత్తర మిచ్చితినని చెప్పుకొనలేదు. 13 గాని 15 గాని యేల కాకూడదని యడిగినవారు లేకపోలేదు. ఏదో యొక చోట గీత గీయక తప్పదనియు, అది యెల్లరును లెక్కింపగలది కావలెననియు ఆమె నమ్మినది.

2016లో శాస్త్రజ్ఞులు పిండములను 13 దినములవఱకు పాత్రలలో పెంచగలిగిరి. నాటినుండి ఆ రాతిని కదల్పవలెనను మాట బలపడినది. అది సరియైన చోటనే పడినదని నేను నిశ్చయముగ చెప్పజాలను. కాని, తన నమ్మకమునే యెల్లరి నెత్తిన రుద్దక, ఓడినవాని మాటనుగూడ కాగితముపై నెక్కించి తీర్పుచెప్పినవారే పెద్దలని నా మనవి.