సంకెల నుండి సంభాషణకు: దక్షిణ తమిళదేశమున మనోవ్యాధి చికిత్స

కోవిల్‌పట్టి, విరుదునగరముల పరిసరమందలి నల్లరేగడి నేలలో, నాగలాపురము మొదలగు గ్రామములయందు తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. బడిలోను బజారులోను తమిళము, ఇంటిలో తెలుగు; ఇది పెక్కు కుటుంబముల వాడుక. చెదరిన మనస్సునకు మాటయే చికిత్స యగునెడల, అది ఏ భాషయందలి మాట కావలెనను ప్రశ్న వీరికి సహజముగా కలుగును. స్కిజోఫ్రీనియా యను వ్యాధికి జరిగిన చికిత్సల చరిత్ర ఈ ప్రశ్నకే దారితీయుచున్నది.

ఆ పేరును 1908లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ప్రతిపాదించెను. ఎదుట ఎవరును లేకయే మాటలు వినబడుట, అందరును తనకు కీడు తలపెట్టుచున్నారను దృఢమైన భ్రాంతి, పనియందును మనుష్యులయందును ఆసక్తి సన్నగిల్లుట దీని లక్షణములు. దీనినే జనులు గాలి సోకుట యనియు, చేతబడి యనియు తలచి, రోగిని గుడులకును దర్గాలకును కొనిపోవుచుండిరి.

చెన్నపట్టణమున 1794లో వాలెంటైన్ కానలీ యను వైద్యుడు పిచ్చివారికై ఒక ఆశ్రయము నెలకొల్పెను. 1871లో కీల్పాకమున ప్రభుత్వ ఆశ్రయము వెలసెను. గోడల నడుమ రోగికి రక్షణ కలిగెను గాని ఇల్లు దూరమయ్యెను. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అను మందును ప్రయోగించిన పిమ్మట ఉద్రేకము నణచుట సాధ్యమయ్యెను. ఆ దశకముననే అమృతసరమున డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణమున డేరాలలో నివసింపజేసి చికిత్సలో భాగస్వాములను గావించెను. 1957లో వెల్లూరున ప్రారంభమైన మానసికారోగ్య కేంద్రము కూడ కుటుంబసభ్యుని రోగితో నుంచు పద్ధతిని అవలంబించెను. కీల్పాకమున పెక్కేండ్లు అధ్యక్షురాలుగా నుండిన డాక్టరు శారదా మేనోన్ 1984లో స్కార్ఫ్ సంస్థను స్థాపించి, రోగి తిరిగి పనిలోను సంసారములోను నిలదొక్కుకొనుటకై కృషి చేసిరి.

దైవసన్నిధిని ఆశ్రయించినవారి గతి ఒకే విధముగా లేదు. వేలాయుధంపాళ్యంపుదూరు ముత్తుస్వామి ఆలయమున ఆశ్రయము పొందిన 31 మందిని పరిశీలించి, సగటున ఆరువారములలో వారి రోగలక్షణములు సుమారు ఐదవ వంతు తగ్గినవని పరిశోధకులు 2002లో ప్రకటించిరి. బెదిరింపు లేని ఆదరణయే దానికి ముఖ్యకారణమని వారి భావము. కాని విరుదునగరము జిల్లాకు పొరుగుననున్న రామనాథపురము జిల్లాలో, ఏర్వాడి దర్గా సమీపమున, 2001 ఆగస్టు 6వ తేదీన ఒక ప్రైవేటు ఆశ్రయము తగులబడగా, సంకెలలలోనున్న 28 మంది రోగులు పరుగెత్తజాలక ప్రాణములు కోల్పోయిరి. అట్టి సంకెలను 2017 నాటి మానసికారోగ్య చట్టము నిషేధించినది.

సంకెలకు మారుగా మాట ఏమి చేయగలదు? అమెరికా వైద్యుడు ఆరన్ బెక్, భ్రాంతిగల రోగితో తర్కించి, హేళన చేయక, అతని నమ్మకమునకు ఆధారములను అతనిచేతనే పరీక్షింపజేసిన వృత్తాంతమును 1952లోనే ప్రకటించెను. కుటుంబ చికిత్స మరియొక మార్గము. నిరంతరము తప్పులెన్నుట, కోపించుట, అతిగా కలుగజేసికొనుట ఉన్న ఇంట వ్యాధి తిరుగబెట్టుట హెచ్చని ఇంగ్లాండున జార్జి బ్రౌన్ మొదలగువారు కనుగొనిరి. కావున బంధువులకు వ్యాధి స్వరూపమును తెలిపి, శాంతముగా మాటలాడు విధమును నేర్పుదురు. ఇవి మందునకు తోడే గాని బదులు కావు.

గోవా, సతారా, తమిళనాడు ప్రాంతములలో 282 మందితో జరిగిన పరిశోధన 2014లో వెలువడెను. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇండ్లకు పోయి సాయపడినచో, ఆసుపత్రి చికిత్స మాత్రమే పొందినవారికంటె రోగుల స్థితి కొంత మెరుగుపడునని తేలెను. ఆ మేలు ముఖ్యముగా తమిళనాటనే కనబడెను.

ఇందుండి నాగలాపురపు తెలుగువారు గ్రహింపవలసినది స్పష్టము. మందు పేరు ఏ భాషయందున్నను గుణమొకటే. భయమును వెళ్లబోసికొనుటకును, దానిని ఓర్పుతో వినుటకును మాత్రము ఇంటి మాట కావలెను. తల్లి తెలుగున మెల్లగా అడుగు ప్రశ్న చికిత్సలో ఒక భాగము. రోగిని దాచిన గది తలుపు తెరచుట దానికి మొదటి మెట్టు.