బీరకాయపీచు చుట్టాలు

శ్రీగంధం, ఎర్రచందనం అనగానే ఒకింటి ఆడపడుచులనే అనిపిస్తుంది. ఉన్నది బీరకాయపీచు చుట్టరికమే సుమా! ఎర్రచందనం మన కందికీ, చిక్కుడుకీ దాయాది. పచ్చటి పూలు పూస్తుంది. శ్రీగంధం మామిడికొమ్మల మీద పెరిగే బదనిక వైపు బంధువు. దాని చిన్ని పూలకి వాసనే ఉండదు. ఆకుల్లో తన వంట తనే చేసుకుంటుంది గానీ, నీళ్ళూ లవణాలూ పక్కచెట్ల వేళ్ళనుంచి లాక్కుంటుంది. అందుకే గంధంమొక్క పక్కన కందిమొక్క నాటుతారు.

ఒకదానికి రంగు, ఒకదానికి వాసన. రెండింటి ఆస్తీ చేవలోనే ఉంది. ఆ చేవ కట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ కావాలి. గొడ్డలికి ఒక్క పూట చాలు.

చరిత్ర చదువుకున్నదాన్ని కనుక నా చూపు ముందు రాజుల మీదికే పోతుంది. 1792లో టిప్పు సుల్తాన్ శ్రీగంధాన్ని రాచచెట్టుగా ప్రకటించాడు. రాజ్యం పోయినా ఆ ముద్ర పోలేదు. మైసూరు సీమలో ఎవరి పెరట్లో మొలిచినా చెట్టు సర్కారుదే! పెంచితే మనది కాదు, పోతే సంజాయిషీ మనం చెప్పుకోవాలి. అలాంటి మొక్కకి ఏ ఇల్లాలు నీళ్ళు పోస్తుంది చెప్పండి? 2001లో కర్ణాటక చట్టం మార్చి, చెట్టు నేలగలవారిదే అంది. ఈలోగా దొంగ నరుకుళ్ళూ, స్పైక్ తెగులూ అడవుల్ని పలచన చేసేశాయి.

శ్రీగంధం తిమోర్ దీవిలోనూ ఉంది. ఆస్ట్రేలియాలో తోటలు వేశారు. ఎర్రచందనం తనంత తాను పెరిగేది మాత్రం శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల్లోనూ ఆ చుట్టుపట్లా మాత్రమే. మన కొలువులోని తిరుపతి కొయ్యబొమ్మలకీ, జపానువాళ్ళ షామిసెన్ వాద్యానికీ ఆ కర్రే కావాలి. దానికోసం మనుషులూ పోయారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో, చెట్లు కొడుతున్నారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. లాభం తినేవాడు అడవిలోకి రాడు కదా!

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘంవారి ఎర్రజాబితాలో శ్రీగంధం 'ముప్పు ఉన్నది'. ఎర్రచందనాన్ని 2018లో కాస్త తేరుకుందని కిందిమెట్టుకి దించి, 2021లో మళ్ళీ 'అంతరించే ప్రమాదంలో ఉన్నది' అన్నారు. అది శ్రీగంధం కన్నా గడ్డుస్థితి.

ఇద్దరికీ ఒకే మందు పనికిరాదని నాకనిపిస్తుంది. కాపలా ఒక్కటే చాలదని రెండు వందల ఏళ్ళ రాచరికం తర్వాత శ్రీగంధం చెబుతోంది. వేరే చోటులేని ఎర్రచందనానికి కాపలా లేకపోతే రోజు గడవదు. ఒకదాన్ని మన పెరట్లోకి రానివ్వాలి, రెండోదాన్ని దాని కొండల్లో బతకనివ్వాలి.