స్టవ్వు పేలింది: ఒక వంటింటి చరిత్ర

చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలూ స్ఫురిస్తారు. నేను మాత్రం ఒక వంటింటి చరిత్ర రాయదలచాను.

మా సిద్దిపేట వైపు కిరసనాయిలును గ్యాసునూనె అంటారు. పంపు స్టవ్వులు రాజ్యమేలిన కాలంలో, కాలిపోయిన కోడలి గురించి వినవచ్చే మాట ఒక్కటే: "స్టవ్వు పేలింది". కొన్నిసార్లు అది నిజమే, అన్నిసార్లూ కాదు.

ఆమె గర్భిణి అయితే ఆ మంట ఇద్దరినీ దహిస్తుంది. కాలిన ఒంటి నుండి ద్రవం కారిపోయి రక్తపోటు పడిపోతుంది. మావికి రక్తం తగ్గి శిశువుకు ప్రాణవాయువు అందదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ శిశువు రక్తాన్ని ఆలస్యంగా వదులుతుంది. ఆపైన చీము, నెలలు నిండని కాన్పు. తొలి గంటల్లోనే సెలైను ఎక్కించాలి. హైదరాబాదు పెద్దాసుపత్రి చూస్తే నూరు కిలోమీటర్లు. సిద్దిపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2018లో.

1975లో హైదరాబాదులో పి.ఓ.డబ్ల్యు. మహిళలు వరకట్నంపై ఊరేగింపులు తీశారు. ఎమర్జెన్సీ వారి గొంతు నొక్కింది. 1979లో ఢిల్లీలో గర్భవతి అయిన కూతురు కాలి మరణించగా, సత్యరాణి చద్దా జీవితాంతం పోరాడారు. కదలిక వచ్చిన గర్భస్థ శిశువు మరణానికి 1860 నాటి శిక్షాస్మృతిలోనే 316వ సెక్షను ఉండేది. కాలిన గాయాలను పేరుపెట్టి చెప్పిన వరకట్న మరణాల సెక్షను 304-బి చేరింది 1986లో. నడుమ 126 ఏళ్ళు!

1999లో దీపం పథకం గ్యాసు పొయ్యిలను పేదయిళ్ళకు చేర్చింది. క్రమంగా పంపు స్టవ్వులు అటకెక్కాయి. వాటితోపాటు ఆ తల్లుల కథలు అటకెక్కరాదు. మీ ఊళ్ళలో పెద్దవారిని అడిగి రాస్తారు కదూ?