ఆఖరీ చార్‌శంబా: ఖాందాన్ మొత్తం పచ్చిక మీద నడిచిన రోజు

'సైర్' అనే మాట ఇప్పుడు మన ఇళ్లల్లో ఎక్కువగా మగవాళ్ల నోటనే వినబడుతుంది. నంద్యాల దోస్తులు నలుగురు కలిసి మహానంది దారిలో ఏదో అరటితోటకు పోయి సాయంత్రం దాకా కూర్చుంటే అది సైర్. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు బండ్లు వేసుకుని పోయి, చింతచెట్టు కింద దేగ్ ఎక్కిస్తే అదీ సైర్. అదే ఇంట్లో ఆడవాళ్లు గడప దాటితే మాత్రం దానికి షాదీ అనో, దవాఖానా అనో, బజారు పని అనో ఒక కారణం కావాలి. ఉత్తినే, గాలి కోసం, పాత సహేలీలతో నాలుగు మాటల కోసం బయటికి పోవడానికి పేరే లేదు.

ఒకప్పుడు ఉండేది. పేరూ ఉండేది, దానికొక రోజూ ఉండేది. ఆఖరీ చహార్ శంబా. సఫర్ నెలలో చివరి బుధవారం. మన దక్కనీ నాలుక మీద అది 'చార్‌శంబా' అయింది.

దీని గురించి రాతలో దొరికే మంచి ఆధారం ఒకటి మన తెలుగు నేలకు చెందినదే. జాఫర్ షరీఫ్ అనే ఆయన ఏలూరులో పుట్టినవాడు. దక్కన్ ముసల్మానుల పుట్టుక, పెళ్లి, పండుగ, చావు, తావీజు, అన్నీ కలిపి 'ఖానూనే ఇస్లాం' అని ఒక పెద్ద కితాబు రాశాడు. మద్రాసు సర్కారు కొలువులో ఉన్న హెర్‌క్లాట్స్ అనే సర్జన్ దగ్గరుండి రాయించి, ఇంగ్లీషులోకి తర్జుమా చేశాడు. 1832లో లండన్‌లో అచ్చయింది. మన రోజువారీ రస్మ్ రివాజుల గురించి అంత వివరంగా, లోపలి మనిషి చెప్పిన కితాబు అంతకుముందు ఇంగ్లీషులో దాదాపు లేదనే చెప్పాలి. ఏలూరు వాళ్లకు ఆయన పేరు ఎంతమందికి తెలుసో మరి!

ఆ కితాబులో చార్‌శంబా ఇలా ఉంటుంది. పొద్దున్నే గుసుల్ చేస్తారు. మంచి బట్టలు తొడుక్కుంటారు, అత్తరు పూసుకుంటారు. గుల్‌గులేలు వండుకుంటారు. మామిడాకు మీదో, రావి ఆకు మీదో, అరటాకు మీదో కుంకుమపువ్వు నీళ్లతో ఖురాన్‌లోని ఏడు సలాములు రాసి, దాన్ని నీళ్లలో కడిగి షిఫా కోసం తాగుతారు. ఆ తర్వాత తోటలకు పోయి పచ్చిక తొక్కుతారు. మన పెద్దవాళ్లు 'సబ్జా రౌంద్‌నా' అనేది ఇదే. చెప్పులు విడిచి పచ్చగడ్డి మీద నడవడం. అంతే పని.

దీని వెనక కథ అందరూ విన్నదే. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం సఫర్‌లో జబ్బు పడ్డారనీ, ఈ బుధవారం నాడు కాస్త తేరుకుని స్నానం చేశారనీ, అందుకే ఈ ఖుషీ అనీ చెప్పుకునేవారు. సఫర్ మొదటి పదమూడు రోజులు 'తేరా తేజీ'. అశుభం అని పెళ్లిళ్లు పెట్టుకునేవారు కాదు, ప్రయాణాలు ఆపుకునేవారు. దక్కన్‌లో ఆ నెలకే తేరా తేజీ అని పేరు పడిపోయింది. నెలంతా బిగపట్టిన ఊపిరి ఆఖరి బుధవారం నాడు వదిలేవారన్నమాట.

నంద్యాల ప్రాంతంలో పచ్చిక తొక్కాలంటే ఎక్కడికి పోవాలి? ఇది కుందూ నది లోయ, నల్లరేగడి. మాఘం దాటిందంటే జొన్నకోత అయిపోయి నేల నెర్రెలు విచ్చుకుంటుంది. పచ్చదనం కావాలంటే నీళ్ల దగ్గరికి పోవాల్సిందే. అలాంటి జాగాలు రెండు. ఒకటి మహానంది వైపు. నల్లమల అడుగున ఊటనీళ్లు ఏడాది పొడుగునా పారుతుంటాయి, వాటి కింద అరటితోటలు. రెండోది కర్నూలు-కడప కాలువ గట్టు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లను మళ్లించి, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863 నుంచి 1870 దాకా తవ్విన కాలువ అది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా అని తవ్వారు. కంపెనీ లెక్కలు తారుమారై చివరికి 1882లో సర్కారే కొనుక్కుంది. మన ఊళ్లకు మాత్రం ఒక నీడ దక్కింది. నీళ్లు వదిలిన ఏడాది ఎండాకాలం మొదట్లో కూడా గట్టు వెంట గడ్డి ఉండేది.

పరదా కట్టిన ఎద్దుల బండ్లలో ఆడవాళ్లు, పిల్లలు, వెనక నడిచి మగపిల్లలు. మూటల్లో గుల్‌గులేలు, మలీదా, జొన్నరొట్టె, గోంగూర. డబ్బున్న ఇళ్ల వాళ్లయితే బగారా ఖానా, దాల్చా. పెద్దవాళ్ల మాటల్లో ఎక్కువగా వినబడేది ఈ ఖానా కాదు, అక్కడ ఎవరెవరు కలిసేవారన్నదే. నంద్యాలలో పుట్టి ఆళ్లగడ్డకు కోడలిగా పోయిన పిల్లకు మైకేలోని సహేలీ మళ్లీ ఎప్పుడు కనబడుతుంది? దూరం నలభై కిలోమీటర్ల చిల్లరే. అయినా బండి కట్టేవాడు, తీసుకుపోయేవాడు, ఒప్పుకునేవాడు, ముగ్గురూ కుదరాలి. చార్‌శంబాకైతే ఎవరూ కాదనేవారు కాదు. దీన్ పేరు మీద వచ్చిన ఇజాజత్ కదా!

హిజ్రీ నెలలు చంద్రుడి వెంట నడుస్తాయి కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, ముప్పై మూడేళ్లకు రుతువులన్నీ ఒక చుట్టు తిరుగుతాయి. అంటే చార్‌శంబా ఒకసారి ముసురులో, ఒకసారి చలిలో, ఒకసారి నిప్పులు చెరిగే మే నెలలో పడుతుంది. వసంతంలో పడిన ఏళ్లు తక్కువ. 1970ల మొదట్లో పడింది, మళ్లీ 2005, 2006లలో మార్చి, ఏప్రిల్ వైపు పడింది. వసంతంలో పడిన చార్‌శంబానే మన పెద్దవాళ్లకు ఎక్కువ యాదుంది. మామిడికి పిందె పట్టి ఉంటుంది, నల్లమలలో మోదుగ ఎర్రగా పూసి ఉంటుంది, పచ్చి శనగకాయలు మొక్కతో సహా కాల్చుకునే కాలం అప్పుడే దాటి ఉంటుంది.

మన దక్కన్ తెహజీబ్‌లో బహార్‌కు బయటికి పోవడం కొత్త కాదు. గోల్కొండను 1580 నుంచి 1612 దాకా ఏలిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా తన దక్కనీ కవిత్వంలో బసంత్ మీద, నౌరోజ్ మీద, మృగశిర కార్తె మీద కూడా రాశాడు. ఇరాన్‌లో నౌరోజ్ పదమూడో రోజున ఇంట్లో ఉండకూడదని కుటుంబాలన్నీ పచ్చిక బయళ్లకు పోతాయి. దాన్ని సీజ్‌దా బెదర్ అంటారు. మన పక్కనున్న బనగానపల్లె నవాబులదీ ఇరాన్ మూలాలు చెప్పుకునే షియా ఖాందానే. 1948లో మద్రాసులో కలిసే దాకా ఆ చిన్న రియాసత్ నడిచింది. బేనిషాన్ మామిడికి ఊరి పేరు రావడం, 2017లో భౌగోళిక గుర్తింపు దక్కడం మీకు తెలిసిందే. ఇరాన్ పదమూడు, మన తేరా తేజీ పదమూడు ఒకటే అని నేను అనను. లెక్కలు వేరు, నెలలు వేరు. కానీ పదమూడు రోజుల భయం తర్వాత పచ్చిక మీదికి పోవాలన్న మనసు రెండు చోట్లా ఒకటే అనిపిస్తుంది.

తమిళ ముస్లింలలో ఇదే రోజును 'ఒడుక్కత్తు బుదన్' అంటారు. బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ ఐచ్ఛిక సెలవు. మన కడపలోనైతే ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు బీబీ నాంచారి పేరున దేవుని కడప గుడికి పోయే రివాజు ఉంది, ఏటా అఖ్‌బారుల్లో వస్తుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల కనుమ నుంచి నలభై రోజులకు పైగా అహోబిలం స్వామి పారువేటకు ఊరూరా తిరుగుతాడు. మన పక్కింటి వాళ్ల క్యాలెండర్లోనూ ఈ కాలం ఇల్లు వదిలే కాలమే.

మరి మన చార్‌శంబా ఏమైంది?

ఉలమాలు దీన్ని ఒప్పుకోలేదు. ఇందులో దేవ్‌బందీ, బరేల్వీ తేడా లేదు. మౌలానా అహ్మద్ రజా ఖాన్ దీనికి అస్‌ల్ లేదన్నారు. ఆయన శాగిర్దు మౌలానా అమ్జద్ అలీ ఆజ్మీ 'బహారే షరీఅత్'లో, జనం దుకాణాలు మూసి సైర్‌కు, షికారుకు పోతున్నారనీ, పూరీలు వండుతున్నారనీ రాసి, ఇదంతా బేఅస్‌ల్ అని తేల్చారు. సీరత్ గ్రంథాల ప్రకారం సఫర్ చివరి రోజులు హజ్రత్ తేరుకున్న రోజులు కావు, ఆ ఆఖరి జబ్బు మొదలైన రోజులు. సఫర్‌లో అశుభం లేదని సహీ హదీసు కూడా ఉంది. వాదన గట్టిది, నాకు దాంతో పేచీ లేదు. ఆకు కడిగి తాగడం పోయినందుకు నేను ఏడవను.

కానీ ఫత్వా కొట్టేసింది అఖీదాను. దాని వెంట సైర్‌ను కూడా ఎవరు కొట్టేశారు? ఏ ఆలిమ్ కూడా పచ్చిక మీద నడవడం హరామ్ అనలేదు. ఆయిషా రజియల్లాహు అన్హాతో హజ్రత్ ఒక ప్రయాణంలో పరుగుపందెం వేసుకున్నారనీ, మొదట ఆమె గెలిచారనీ, చాలా కాలం తర్వాత ఇంకో ప్రయాణంలో ఆయన గెలిచి ఆ పాత ఓటమిని గుర్తుచేసి నవ్వారనీ హదీసుల్లో ఉంది. 'సైర్', 'సీరత్' రెండూ ఒకే అరబీ ధాతువు నుంచి వచ్చిన మాటలు కూడా.

జరిగింది ఏమిటంటే, చార్‌శంబా పోయాక మగవాళ్లకు పెద్దగా లోటు రాలేదు. వాళ్ల దోస్తానాకు తారీఖుతో పని లేదు. మోటారు సైకిళ్లు వచ్చాయి, ఆదివారాలు వచ్చాయి. లంగోటీ యార్లు ఫోన్ చేసుకుంటే గంటలో మహానంది. ఆడవాళ్లకు ఉన్న ఒక్క రోజూ పోయింది, దాని బదులు ఇంకో రోజు రాలేదు. ఎద్దుల బండి పోయి కారు వచ్చింది గానీ కారు షాదీఖానా దగ్గర ఆగుతుంది, కాలువ గట్టు దగ్గర ఆగదు. మా ఇంట్లోనే చూస్తున్నాను. అరవై దాటిన మా ఖాలాకు నంద్యాలలో చదువుకున్న రోజుల నాటి సహేలీ ఒకామె ఉంది. ఇద్దరూ వాట్సాప్‌లో రోజూ సలాములు పంపుకుంటారు. కలిసింది మాత్రం ఎవరో ఒకరి ఇంట మయ్యత్ అయినప్పుడే.

సఫర్ మళ్లీ మార్చిలోకి వచ్చేది 2038 ప్రాంతంలో. అప్పటిదాకా ఆగాల్సిన పని లేదు, అఖీదాతో ముడిపెట్టాల్సిన పని అంతకన్నా లేదు. ఫాల్గుణంలో ఏదో ఒక బుధవారం చాలు. ఆదివారమైతే తోటలన్నీ మగవాళ్లతో నిండిపోయి ఉంటాయి! మా ఖాలాను, ఆ సహేలీని ఈసారి మహానంది దారిలోని తోటకు తీసుకుపోవాలని మా చెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారు. గుల్‌గులేలకు బెల్లం పాళ్లు ఎంతో ఖాలానే చెప్పాలి, మిగతావాళ్లం మరిచిపోయాం. మీ ఇంట్లో చార్‌శంబా చూసిన దాదీలు, నానీలు ఇంకా ఉంటే, ఏ బాగ్‌కు పోయేవారో, ఎవరి బండిలో పోయేవారో, అక్కడ ఎవరిని కలిసేవారో అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టండి.