బౌలింగ్ బంతి: లేన్ నూనె, పైపొరల చరిత్ర

టెన్‌పిన్ బౌలింగ్‌లో (క్రికెట్ బౌలింగ్‌తో దీనికి సంబంధం లేదు) బంతిని ఎంచుకోవడమంటే ముఖ్యంగా లేన్ మీది నూనెకు తగిన పైపొరను ఎంచుకోవడమే. ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులుండే లేన్‌లో ముందువైపు సుమారు 35 నుంచి 45 అడుగుల వరకు నూనె పూసి, మిగిలింది పొడిగా వదిలేస్తారు. నూనె మీద బంతి జారుతుంది. పొడి చోటు తగలగానే పట్టు దొరికి పిన్నుల వైపు వంపు తిరుగుతుంది; దీన్నే హుక్ అంటారు. చెక్కను కాపాడడానికి మొదలైన నూనె కాలక్రమంలో ఆటనే శాసించసాగింది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ల దాకా లిగ్నమ్ విటే అనే బరువైన కర్రతో బంతులు చేసేవారు. తర్వాత అర్ధ శతాబ్దం గట్టి రబ్బరుది. 1960 ప్రాంతంలో పాలిస్టర్ వచ్చింది. పాత లాకర్ పూతల స్థానంలో పాలీయురేథేన్ పూతలు వచ్చాక లేన్లు గట్టిపడ్డాయి, బంతికి పట్టు తగ్గింది. దీనికి సాహసమైన జవాబు 1973లో డాన్ మెక్యూన్ దగ్గర దొరికింది. ఆయన పాలిస్టర్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకంలో నానబెట్టి పైపొరను మెత్తబరిచారు. ఆ ఏడాది వృత్తి క్రీడాకారుల పోటీల్లో ఆరు టైటిళ్లు గెలిచి ఉత్తమ క్రీడాకారుడయ్యారు. ఆ తర్వాత బంతి గట్టిదనానికి కనీస హద్దు పెట్టారు. బంతి లోపల ఏదీ మారకపోయినా ఆట మారిందన్నది ఈ ఉదంతంలో గమనించదగ్గ విషయం.

మెత్తబరచడం కుదరకపోతే, మొదటి నుంచే పట్టున్న పదార్థంతో చేయవచ్చు గదా! 1981లో ఏఎమ్‌ఎఫ్ ఆంగిల్ యురేథేన్ బంతిని జనంలోకి తెచ్చింది. 1990ల ఆరంభంలో వచ్చిన రియాక్టివ్ రెజిన్ పైపొరలో సూక్ష్మ రంధ్రాలుంటాయి; అవి నూనెను పీల్చుకుంటాయి. ఫలితం లెక్కల్లో కనబడుతుంది: అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ గుర్తించిన 300 పాయింట్ల పరిపూర్ణ ఆటలు 1968–69లో 905, 1998–99లో 34,470. ఈ పెరుగుదలలో లేన్లకు నూనె పూసే తీరు మారడానికీ వాటా ఉందని వాదించవచ్చు, అది నిజమే. అయితే ఆ వాదన కూడా నూనెకూ పైపొరకూ మధ్య జరిగే బేరాన్నే చూపుతుంది.

అసలు ఆక్షేపణ వేరే చోట ఉంది. బంతి నడకను నిర్ణయించేది లోపలి బరువు దిమ్మ, అంటే కోర్, అని చాలామంది నమ్మకం. మో పినెల్ వంటి ప్రతిభావంతులైన రూపశిల్పులు అసమాన ఆకారపు కోర్లతో దానికి బలమైన ఆధారాలే ఇచ్చారు. వేళ్ల రంధ్రాలు ఎక్కడ తొలవాలన్నదీ కోర్ స్థానాన్ని బట్టే తేలుస్తారు. కోర్ వల్ల దొర్లే బంతి అక్షం మెల్లగా కదిలి, ప్రతి చుట్టులోనూ నూనె అంటని కొత్త అంచు లేన్‌కు తగులుతుంది. అయితే ఆ అంచుకు పట్టు లేకపోతే కోర్ చేసేదేమీ లేదు. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ జరిపిన బంతి చలన అధ్యయనంలోనూ అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం పైపొర గరుకుదనానిదేనని తేలింది.

అందుకే నూనె ఎక్కువగా, పొడవుగా ఉన్న లేన్‌కు 500 లేదా 1000 గ్రిట్ మెత్తతో గరుకు చేసిన రియాక్టివ్ బంతినీ, నూనె తక్కువైతే 4000 గ్రిట్ దాకా నున్నబరచినదాన్నో మెరుగు పెట్టినదాన్నో వాడతారు. గరుకు బంతి పొడి లేన్ మీద ముందే శక్తి ఖర్చు చేసుకుని పిన్నుల దగ్గర నీరసిస్తుంది. పట్టు ఎక్కువైతే మేలనే భ్రమ అక్కడ తొలగుతుంది. గురి విషయంలో ఒక చేతి లెక్క ఉంది: నూనె పొడవులోంచి 31 తీసేస్తే బంతి వంపు తిరగాల్సిన లేన్ పలక అంకె వస్తుంది. 41 అడుగుల నూనెకు అది అంచు నుంచి పదో పలక. ఆట సాగేకొద్దీ నూనె తరిగి ఈ లెక్కా జరుగుతుంది, బంతీ మారుతుంది. మూలన మిగిలే ఒంటరి పిన్‌కు మాత్రం ఇప్పటికీ పాత పాలిస్టర్ బంతే సరి. అది నూనె ఉన్నా లేకున్నా దాదాపు తిన్నగా పోతుంది.