అద్దాల కప్పు కింద ఎండ

పా. రంజిత్ 'మద్రాస్' (2014) చూసినవాళ్లకు వ్యాసర్పాడి హౌసింగ్ బోర్డు ఇళ్లు, గొడవలకు మూలమైన ఆ గోడ గుర్తుండే ఉంటాయి. ఉత్తర మద్రాసుకు సినిమా కొత్త కాదు. వ్యాసర్పాడికి దగ్గర్లోని పురసవాక్కంలో రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కొడుకు ప్రకాశ్ స్టూడియో పెట్టి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. దాన్ని గ్లాస్ స్టూడియో అనేవారు. కప్పు అద్దాలది, వెలుతురు సూర్యుడిది. అంతకుముందే అదే పేటలో, మిల్లర్స్ రోడ్డులో, నటరాజ మొదలియార్ 'కీచక వధ' తీస్తూ సెట్టు మీద పల్చటి తెల్లగుడ్డ కట్టి ఎండను వడగట్టారు.

ఆ గుడ్డను తక్కువగా చూడకూడదు. మిట్టమధ్యాహ్నం ఎండకు కనుగుంటల్లో, ముక్కు కింద నల్లటి నీడలు పడి మొహం పాడవుతుంది. గుడ్డ అడ్డం పెడితే ఆ నీడల అంచులు కరుగుతాయి. కంప్యూటర్ గేములు చేసేవాళ్లు 'సాఫ్ట్ షాడో' పేరుతో తంటాలు పడేది దీనికోసమే.

వడపళనిలో వాహినీ స్టూడియో నాటికి ఎండతో పని తగ్గింది. 'మాయాబజార్' (1957) పడవ పాటలోని వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కల్పించిందే. ఎండకూ పున్నమి వెన్నెలకూ కాంతిలో దాదాపు 4 లక్షల రెట్లు తేడా. కన్ను కాసేపట్లో రెండింటికీ సర్దుకుంటుంది, ఫిల్ముకు ఆ శక్తి లేదు. అసలు వెన్నెల్లో తీస్తే ఆ రోజుల ఫిల్ము మీద నాయికా నాయకుల జాడే ఉండేది కాదు!

కంప్యూటర్ తెరదీ అదే ఇబ్బంది, కానీ అక్కడ ముందుగా తేలింది నీడల సంగతి. 1978లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు లాన్స్ విలియమ్స్ నీడల చిక్కును తేలిగ్గా విప్పాడు: దీపం ఉన్నచోట నుంచి చూడాలి, అక్కడికి కనిపించనిదంతా నీడే. 1996 నాటి 'క్వేక్' గేములో వెలుగునీడల్ని ముందే లెక్కగట్టి గోడలకు అంటించారు. కాంతి తేడాల విషయంలో ఒక మలుపు 2002లో వచ్చింది. విపరీతమైన కాంతి తేడాల్ని తెరకు సరిపడేలా కుదించే సూత్రాన్ని ఎరిక్ రైన్‌హార్డ్ బృందం ప్రకటించింది. అందుకు ఆధారం ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ వాడిన, కాంతిని మెట్లుగా విభజించే జోన్ పద్ధతి. అంటే కెమెరా వాళ్ల పాత కిటుకే!

2005లో 'హాఫ్ లైఫ్ 2: లాస్ట్ కోస్ట్' ఇలాంటి కుదింపును ఆటగాళ్లకు కళ్లారా చూపించింది. చీకటి నుంచి ఎండలోకి వస్తే తెర ఒక్కసారి తెల్లబడి, మెల్లగా సర్దుకునేది. 2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులు వచ్చాక కాంతి కిరణాల దారుల లెక్క (రే ట్రేసింగ్) ఆట నడుస్తుండగానే సాగుతోంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో బొమ్మకు దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. అందుకని కొద్దిపాటి కిరణాలే వదిలి, మిగిలిన మచ్చల్ని డీనాయిజర్‌తో తుడిపిస్తున్నారు.